పోపుల డబ్బా బాకీ

పొగడ్త గిట్టనివాళ్లు ఉంటారంటే నేను నమ్మను. కొందరు పైకి వద్దువద్దంటారు, అంతే. నాకైతే ఆ మాత్రం మొహమాటం కూడా ఉండేది కాదు. అందుకే ముక్కూ మొహం తెలియనివాళ్లు నేను చేయబోయే వస్తువు కోసం ముందుగానే డబ్బు కడుతుంటే, అదంతా నన్ను మెచ్చుకోవడమే అనుకున్నాను. వాళ్లు కట్టింది డబ్బా కోసం. నేను దాన్ని చప్పట్ల కింద జమ వేసుకున్నాను. తర్వాత జరిగిన పొరపాట్లన్నీ ఈ ఒక్కదాని కడుపున పుట్టినవే. మీకు చెప్పుకుంటే తప్పేముంది? మీలోనూ ఒకరిద్దరైనా ఇలాంటి లెక్క వేసుకునే ఉంటారు.

నేను ప్రోడక్ట్ డిజైనర్‌ని. హైదరాబాద్‌లో వంటింటి సామాన్లు చేసే ఓ కంపెనీలో ఏళ్ల తరబడి మిక్సీ జార్ల మూతలు, కుక్కర్ల పిడులు గీశాను. గీసినవాడి పేరు ఏ మూత మీదా ఉండదు. ఆ బాధ లోపల్లోపల తొలుస్తూ ఉండేది. అలాంటి రోజుల్లో మా ఇంట్లో పోపుల డబ్బా చెయ్యి జారింది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, పసుపు, కారం అన్నీ ఏకమై వంటిల్లంతా పరుచుకున్నాయి. మా అమ్మ పనికొచ్చేవి చేటలో పోసుకుని ఆవాలూ జీలకర్రా వేరు చేస్తూ కూచుంది. నాకు అక్కడే తట్టింది. మూత బిగిస్తే ఏడు గిన్నెల నోళ్లూ ఒక్కసారే మూసుకుపోవాలి. మూత లోపలివైపు సిలికాన్ పలక, పక్కన రెండు క్లిప్పులు. డబ్బా తలకిందులు చేసినా ఆవగింజ కదలకూడదు.

ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

డబ్బాకు పై పెట్టె ప్లాస్టిక్‌లో పోయించాలంటే డైలు కావాలి. డైలంటే లక్షలు. కొత్తగా ఉద్యోగం మానేసినవాడికి బ్యాంకు అంత అప్పు ఇవ్వదు. నా బుర్ర నిండా అప్పటికే అమెరికా కథలు తిరుగుతున్నాయి. 2009లో కిక్‌స్టార్టర్ మొదలైంది. మరుసటి ఏడాదే టామ్ గెర్హార్ట్, డాన్ ప్రోవోస్ట్ అనే ఇద్దరు డిజైనర్లు ఐఫోన్‌ను ట్రైపాడ్‌కు తగిలించే గ్లిఫ్ అనే చిన్న ముక్క కోసం 10,000 డాలర్లు అడిగితే 1,37,000 డాలర్లు దాటి వచ్చిపడ్డాయి. 2012లో పెబుల్ వాచీవాళ్లు లక్ష డాలర్లు అడిగారు. దాదాపు 69,000 మంది కలిసి కోటి డాలర్లకు పైగా ఇచ్చారు. మనకు మాత్రం ఇది కొత్తా? 1976లో శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ తీసినప్పుడు గుజరాత్ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకున్నారు. రెండు రూపాయల చొప్పున సినిమా తయారైనప్పుడు నా పోపుల డబ్బా తయారు కాదా అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాను.

ఈ కథల్లో నేను చదివింది పై సగమే. కింది సగం కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. 2014లో కూలెస్ట్ కూలర్ అనే ఐసుపెట్టెకు 62,000 మందికి పైగా కోటీ 30 లక్షల డాలర్లు దాటి కట్టారు. ఒక్కో పెట్టె తయారీకి అయ్యే ఖర్చు వాళ్లు తీసుకున్న ధరను మించిపోయింది. 2019లో దుకాణం మూసేనాటికి సుమారు 20,000 మందికి పెట్టె అందనేలేదు. అదే 2014లో ఈథన్ మాలిక్ అనే వార్టన్ ప్రొఫెసర్ కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద పరిశోధన అచ్చువేశాడు. డిజైన్, టెక్నాలజీ వస్తువుల్లో నూటికి 75కి పైగా చెప్పిన గడువు దాటాకే అందాయట. పైగా ఎంత ఎక్కువ డబ్బు వస్తే ఆలస్యం అంత ఎక్కువట. ఆ వ్యాసం ఒక స్నేహితుడు నాకు ముందే పంపాడు. చదివాను కూడా. మిగిలిన ఆ పాతిక మందిలో నేనుంటానని అనుకున్నాను.

మన దేశంలో ఉండి కిక్‌స్టార్టర్‌లో సొంతంగా ప్రాజెక్టు పెట్టడానికి వీల్లేదు. ఇక్కడి వేదిక ఒకటి చూసుకున్నాను. కంపెనీలో వాటా ఇస్తామని ఇలా జనం దగ్గర పోగుచేయడానికి సెబీ ఒప్పుకోదు. వస్తువు ఇస్తామని ముందే డబ్బు తీసుకోవచ్చు. ధర దగ్గర మా ఆవిడ అడ్డం పడింది. ఆవిడ పాతికేళ్లుగా జనం లెక్కలు చూస్తున్న అకౌంటెంటు. క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసుకుంటూ పోయింది. వేదిక కమిషను, కార్డు ఛార్జీలు, జీఎస్టీ, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్కు, సిలికాను, క్లిప్పులు, అట్టపెట్టె, కొరియరు. నేను అనుకున్న 1,499 రూపాయల్లోంచి అవన్నీ తీసేస్తే మిగిలేది 120 రూపాయలు. డైల ఖర్చు కూడా అందులోంచే రావాలి.

“ఒక్క డబ్బా పాడై వెనక్కొస్తే ఇంకో పది డబ్బాల మీద మిగిలింది దానికే పోతుంది. రెండు వేలు పెట్టండి,” అంది.

“రెండు వేలంటే జనం తగ్గిపోతారు.”

“తగ్గితే తగ్గనివ్వండి. ఇది అమ్మకం కాదు, అప్పు. ఎంతమంది దగ్గర తీసుకుంటే అంతమందికీ తీర్చాలి.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా 1,499 దగ్గరే ఉండిపోయాను. ధర తగ్గితే మనుషులు పెరుగుతారు, మనుషులు పెరిగితే తెర మీద అంకె పెరుగుతుంది. నాకు కావలసింది ఆ అంకె.

రంగు దగ్గర అమ్మ అడ్డం పడింది. సిలికాన్ పలక తెల్లగా ఉండాలని నా పట్టు. తెల్లటి పలక మీద ఏడు గిన్నెల వలయాలు ఫొటోలో ఎంత బాగా వచ్చాయో మాటల్లో చెప్పలేను. అమ్మ వేలితో నొక్కి చూసి, “పసుపు తగిలే చోట తెలుపేంట్రా? వారం తిరిగేసరికి చూడు దీని మొహం. పసుపు రంగే వేయించు, పీడా పోతుంది,” అంది. నలభై ఏళ్లు రోజుకు రెండు పూటలా తాలింపు పెట్టిన మనిషి మాట అది. అమ్మకు డిజైన్ ఏం తెలుసు అనుకున్నాను.

వీడియో తీశాం. నల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, కిటికీ వైపు చూస్తూ ‘వంటింటిని తిరిగి ఆలోచిద్దాం’ అన్నాను. డబ్బాను తలకిందులు చేసి ఊపాను. ఏమీ కారలేదు. అందులో మోసం లేదు, నిజంగానే కారలేదు. ఎందుకు కారలేదో తర్వాత చెబుతాను.

ప్రాజెక్టు తెరిచిన రోజు రాత్రి నేను పడుకోలేదు. ఫోనులో అంకె కదులుతూనే ఉంది. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, ఆపైన డాలస్, న్యూజెర్సీ. అడిగిన మొత్తం మూడో రోజుకే దాటింది. నెల తిరిగేసరికి అడిగినదానికి ఎన్నో రెట్లు. భూమి నా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పెళ్లిళ్లలో బంధువులు పలకరిస్తే ‘ఏం చేస్తున్నావు’ అని వాళ్లు అడగకముందే ‘కంపెనీ పెట్టాను’ అనేవాణ్ని. అంకె కాస్త మందగిస్తే ప్రాణం విలవిల్లాడేది. దాన్ని మళ్లీ పరుగెత్తించడానికి కొత్త కానుకలు ప్రకటించాను. అందరికీ ఇత్తడి చెంచా అన్నాను. ఇంకొంత వస్తే మూత మీద ఏటికొప్పాక లక్క పిడి అన్నాను. ఆ పూట ఆ ఊళ్లో ఎవరినీ కనుక్కోనైనా లేదు.

ఏటికొప్పాక ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. గింజల నుంచీ బెరళ్ల నుంచీ వేళ్ల నుంచీ తీసే రంగుల్ని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత పేరున్న పనిని నేను అంకె పెంచుకోవడానికి వాడుకున్నాను. ప్రకటన అయిపోయాక బస్సెక్కి వెళ్లి, ఒక పెద్దాయన ముందు మూత పెట్టి, నెలలో వేలకొద్దీ పిడులు కావాలన్నాను. ఆయన మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“వేడికే కదా బాబూ లక్క అంటుకున్నది. పొయ్యి గట్టు మీద పెడితే మళ్లీ ఆ వేడికే జిగురెక్కుతాది. అయినా కర్ర ఆరాలి కదా. నలుగురు మనుషులం, నెలలో వేలంటే ఎలాగవుద్ది?”

ఒక్క ఫోను ముందు చేసి ఉంటే తెలిసేది. చివరికి పిడి బదులు ఒక్కో డబ్బాకు ఒక బొంగరం ఇద్దామని ఆయనే దారి చూపించాడు. వాళ్లకు చేతనైన వేగంలో, వాళ్లు చెప్పిన ధరకు. నా లెక్కలో ఆ ధరకు చోటు లేదు. అయినా బేరమాడలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను తిన్నగా చేసిన పని అదొక్కటే.

ఇక డైల దగ్గరికి వద్దాం. ఇలాంటి పనికి హైదరాబాద్‌ను మించిన చోటు లేదు. బాలానగర్‌లో 1968 నుంచీ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. దాని చుట్టుపక్కల వీధుల్లో టూల్ రూములకు కొదవ లేదు. నా డై చేసినాయన మంచి పనివాడు. పాలీప్రొపిలీన్ చల్లారేటప్పుడు నూటికి ఒకటి నుంచి రెండున్నర పాళ్లు ముడుచుకుంటుంది. అది లెక్కేసుకుని, తర్వాత చెక్కుకోవడానికి వీలుగా ఉక్కు కాస్త మిగిల్చి కోశాడు. తొలి షాట్లలోనే మూత పెట్టెకు చక్కగా కూచుంది. నేను గిన్నెలు పెట్టి, పసుపూ కారమూ పోసి, క్లిప్పులు బిగించి తలకిందులు చేశాను. తెల్ల కాగితం మీద పసుపు రాలింది.

ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి వెర్నియర్ తీసి ఏడు గిన్నెల ఎత్తూ కొలిచాడు. ఒకటి 42 మిల్లీమీటర్లు, ఇంకొకటి 42.3, మరొకటి 41.7. గిన్నెల అంచు మడిచేది ప్రెస్సు మీద. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే వాళ్లకు లెక్కే కాదు, కూరకూ పప్పుకూ కూడా లెక్క కాదు. నా డబ్బాకు అదే ప్రాణం. చదునైన సిలికాన్ పలక వెళ్లి ఎత్తైన గిన్నె మీద ఆగిపోతుంది. పొట్టి గిన్నె నోటికీ పలకకూ మధ్య సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులోంచి ఆవగింజ దూరదు, మెంతిగింజ దూరదు. పసుపు దూరుతుంది. కారం దూరుతుంది.

“వీడియోలో కారలేదు కదండీ?” అన్నాడు.

వీడియోకు వాడిన గిన్నెల్ని స్టీలు సామాన్ల కొట్టులో కుప్పలోంచి నా చేత్తో ఏరి తెచ్చాను. ఏడూ ఒకే ఎత్తు వచ్చేదాకా పక్కపక్కన పెట్టి చూసుకుని మరీ తెచ్చాను. నమూనా బాగా రావాలన్న తాపత్రయం తప్ప అప్పుడు మనసులో ఇంకేమీ లేదు. వేల గిన్నెల్ని అలా ఎవరు ఏరుతారన్న ప్రశ్న నాకు రాలేదు. పదేళ్లకు పైగా మూతలు గీసినవాడికి రావలసిన మొదటి ప్రశ్న అది.

అక్కడ ఆగి అందరికీ నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఆగలేదు. సరిగ్గా ఆ వారమే ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు పిలిచారు. శాలువా, పూలగుత్తి, నా ఫొటోతో ఫ్లెక్సీ. ‘ఆలోచన నుంచి విజయం దాకా’ అని విషయం. స్టేజీ ఎక్కాను. మైకు అందగానే పూనకం వచ్చింది. జనాన్ని ఎలా నమ్మించాలో చెప్పాను, ధర ఎలా పెట్టాలో చెప్పాను, భయపడితే ఏదీ సాధించలేమన్నాను, చప్పట్లు కొట్టారు, ఇంకా చెప్పాను, మన వంటింటి వస్తువు ప్రపంచమంతా తిరుగుతుందన్నాను, మళ్లీ కొట్టారు, గంట దాటిపోయింది, ప్రశ్నలు అడగండి అన్నాను, వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, “సార్, డబ్బాలు ఎప్పుడొస్తాయి? మా అమ్మ కూడా కట్టింది. రోజూ అడుగుతోంది,” అంది.

హాలంతా నా వైపు తిరిగింది. వచ్చే నెలే అన్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నేను చేసింది అన్నిటికన్నా ఘోరం. గిన్నెల సంగతి తేలకుండానే మొదటి విడత డబ్బాలు పంపేశాను. క్లిప్పు కాస్త గట్టిగా బిగిస్తే సర్దుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. వారం తిరగకుండానే ఫొటోలు రావడం మొదలైంది. తెల్ల పలకల మీద పసుపు మరకలు. ఒకరు సబ్బుతో తోమామన్నారు, ఒకరు వేడినీళ్లలో నానబెట్టామన్నారు, ఇంకొకరు నిమ్మకాయ రుద్దామన్నారు. పోదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో దాదాపుగా కరగదు. నూనె చెయ్యి తగిలితే కరిగి సిలికాన్‌లోకి ఇంకిపోతుంది. ఎండలో పెడితే మాత్రం వెలుతురుకు విరిగిపోయి రంగు వెలిసిపోతుంది. ఈ సంగతి అమ్మకు కర్క్యుమిన్ అన్న పేరు వినకముందే తెలుసు. పసుపు అంటిన బట్టల్ని ఆవిడ ఎప్పుడూ ఎండలోనే ఆరేసేది. ఇక ఇంగువ పెట్టుకున్నవాళ్ల బాధ వేరు. సిలికాన్ వాసన పట్టేస్తుంది. మూత తీస్తే జీలకర్ర కూడా ఇంగువ వాసనే.

విదేశాల లెక్క మరో దెబ్బ. డబ్బా తూకం కిలోన్నర లోపే. విమానంలో పంపేటప్పుడు కొరియరువాళ్లు అట్టపెట్టె పరిమాణాన్ని కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తారు. నా పెట్టె 28, 28, 14. అంటే సుమారు 2.2 కిలోలు, పైన రెండున్నర కిలోల రేటు. డాలస్‌కూ న్యూజెర్సీకీ వెళ్లిన ప్రతి డబ్బాకూ ధరను మించి నేనే ఎదురు కట్టాను. అట్టపెట్టె కొలత మొదటి రోజు నుంచే తెలుసు. హెచ్చవేయడం ఒక్కటే చేయలేదు.

ఇవన్నీ డబ్బు నష్టాలు, పూడ్చుకోవచ్చు. నేను చేసిన అసలు అన్యాయం, మాట్లాడటం మానేయడం. అంకె పెరుగుతున్నన్నాళ్లూ రోజుకో సందేశం పెట్టినవాణ్ని, కష్టం రాగానే ఫోను తలకిందులు చేసి పెట్టేవాణ్ని. ఉత్తరాలు కుప్పపడ్డాయి. కోపంగా రాసినవాళ్లున్నారు, దొంగ అన్నవాళ్లున్నారు. అవి చదివి కూడా కదల్లేదు. తెనాలి నుంచి రిటైరైన టీచరమ్మ ఒకరు రాసిన రెండు వాక్యాలు మాత్రం నన్ను లేపి కూచోబెట్టాయి. ‘బాబూ, డబ్బా ఆలస్యమైతే ఫర్వాలేదు. మీ ఆరోగ్యం బాగానే ఉందా లేదా ఒక్క ముక్క రాయండి.’

ఆవిడకు నేను 1,499 రూపాయల వస్తువు బాకీ. ఆవిడ నా ఆరోగ్యం అడుగుతోంది.

ఆ రాత్రి కూచుని మొత్తం రాశాను. ఏరి తెచ్చిన గిన్నెల సంగతి, 41.7 మిల్లీమీటర్ల సంగతి, తెలుపు ఎవరు వద్దన్నారో, ధర ఎవరు పెంచమన్నారో, చేతిలో ఎంత మిగిలిందో, ఎవరికి డబ్బు వెనక్కి కావాలన్నా విడతలవారీగా ఎప్పుడెప్పుడు ఇవ్వగలనో. మరకపడ్డ పలక ఫొటో పెట్టాను. మా ఆవిడ చదివి ఒక్క అంకె సరిచేసింది, పంపేశాను. తిట్టినవాళ్లు ఎలాగూ తిట్టారు. డబ్బు అడిగినవాళ్లూ ఉన్నారు. నేను ఊహించనిది మిగతావాళ్లు. బెంగళూరు నుంచి రబ్బరు సీళ్ల కంపెనీలో పనిచేసే ఒకాయన, అందరికీ ఒకే పలక ఎందుకు, ఒక్కో గిన్నెకు లోపల బోలుగా ఉండే రింగు పెడితే ఏ ఎత్తుకు ఆ ఎత్తు సర్దుకుంటుంది కదా అని చేత్తో బొమ్మ గీసి పంపాడు. చూడగానే తెలిసిపోయింది, సరైన డిజైన్ అదే. డబ్బు కట్టిన మనిషి దగ్గర అంత తెలివి ఉంటుందని, అడిగితే ఇస్తాడని, నేను అంతకుముందు ఒక్కరోజైనా అనుకోలేదు.

రింగుల డైకి నా పీఎఫ్ డబ్బు పోయింది, కారు పోయింది. గిన్నెలు కొలవడానికి ఇనప గేజి ఒకటి చేయించాం. అందులో ఆనని గిన్నె వెనక్కే. రింగులు పసుపు రంగులో పోయించాను. అమ్మ వాటిని నొక్కి చూసి, ఇంగువ మాత్రం విడిగా పెట్టుకోమని కాగితంలో రాయమంది. రాశాను. చెప్పిన గడువుకు ఏడాది దాటాక అందరి డబ్బాలూ వెళ్లాయి. తొలి విడతవాళ్లకు కొత్త మూతలు నా ఖర్చుతో వెళ్లాయి. ప్రతి పెట్టెలో ఒక బొంగరం. మా పిల్లలకు డబ్బా కన్నా అదే నచ్చిందని చాలామంది రాశారు. ఏటికొప్పాక పెద్దాయనకు ఆ ఉత్తరాలు ఫోనులో చదివి వినిపించాను.

వ్యాపారం చిన్నగానే నడుస్తోంది. ఇప్పుడు ముందు తయారుచేసి, తర్వాత అమ్ముతాను. ధర మా ఆవిడ పెడుతుంది. కాలేజీలు పిలిస్తే వెళుతున్నాను, వెర్నియరూ ఏడు గిన్నెలూ సంచిలో వేసుకుని. పిల్లల చేతే కొలిపిస్తాను. మళ్లీ క్రౌడ్‌ఫండింగ్ చేస్తావా అని అడుగుతుంటారు. చేస్తాను, డై కోసి, కొట్లో దొరికే మామూలు గిన్నెలతో పరీక్షించి, అట్టపెట్టె కొలిచాక. అంతకన్నా ముందు పాత లెక్క తేలాలి. రీఫండు అడిగినవాళ్లలో ఇద్దరి బ్యాంకు ఖాతాలు మూతపడి డబ్బు వెనక్కొచ్చింది. ఒకరి ఫోను నంబరు మారింది, ఇంకొకరు ఇల్లు మారారు. ఆ రెండు మొత్తాలూ విడిగా ఒక ఖాతాలో వేసి ఉంచాను, వాళ్ల కోసం వాకబు చేస్తూనే ఉన్నాను.